గొంతెత్తని పాట

తెలంగాణ పల్లెల్లో ఇవాళ ఒక కుర్రాడు జానపదం కట్టి, పొలం గట్టు మీద వీడియో తీసి యూట్యూబులో పెడితే దాన్ని ‘ప్రైవేట్ సాంగ్’ అంటున్నారు. హైదరాబాదులో చౌరస్తా లాంటి బ్యాండ్ల వాళ్ళది ‘ఇండీ’. సరుకు ఒకటే. సినిమా నీడ పడకుండా పుట్టిన పాట. ఈ రెండు పేర్లలో నాకు మొదటిదే ఇష్టం, అది మన ఇంట్లోని పాత పేరు కాబట్టి. మా తాత తరం గ్రామఫోను పెట్టె ముందు కూర్చుని ‘ఇది సినిమాది కాదబ్బయా, ప్రైవేట్ పాట’ అని చెప్పుకునేవారు. ఆ మాట అనేటప్పుడు వాళ్ళ ముఖంలో కాస్త గొప్ప కూడా ఉండేది. సినిమా పాట అందరిదీ, ఇది తెలిసినవాళ్ళది అన్నట్టు.

నెల్లూరు వాళ్ళం పాట మాటెత్తితే బాలసుబ్రహ్మణ్యం దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతాం. తిప్పరాజువారి వీధిలో ఆయన ఇల్లు, 2020లో దాన్ని వేదపాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేయడం, హరికథలు చెప్పిన తండ్రి సాంబమూర్తిగారు, అన్నీ చెప్పుకుంటాం. చెప్పుకోవాల్సిందే. కానీ ఆయన పుట్టడానికి 18 ఏళ్ళ ముందు, 1928లో, మన వెంకటగిరిలో ఒక ఆడపిల్ల పుట్టింది. ఆరేళ్ళకే గ్రామఫోను ప్లేటు ఇచ్చింది. ఆకాశవాణిలో తెలుగు లలిత సంగీతం పాడిన తొలి గాయని అనీ, తెలుగు సినిమాకు తొలి నేపథ్య గాయని అనీ పేరు తెచ్చుకుంది. రావు బాలసరస్వతీదేవి. వెంకటగిరి అంటే చీర అనే వాళ్ళే గాని, ఈ పేరు చెప్పేవాళ్ళు నాకు పెద్దగా తగల్లేదు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఆ ఊరు తిరుపతి జిల్లాలోకి పోయింది. ఇక నెల్లూరు వాళ్ళకు గుర్తు చేసే సాకు కూడా ఒకటి తగ్గింది.

ఆమె జీవితకథ చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆమె గొంతు ఏ పని చేసిందో, ఎలా చేసిందో చూడాలని.

ముందు ఆ పని ఎందుకు కొత్తదో తెలియాలి. అప్పటిదాకా తెలుగువాడికి పాట అంటే నాటకం పాట, పద్యం. ఊరి బయట పందిరి, పెట్రోమాక్సు లైట్లు, ఎదురుగా చాపల మీద వెయ్యి మంది. మైకు లేదు. చివరి వరసలో చుట్ట కాల్చుకుంటున్న రైతుకు వినపడకపోతే నటుడికి ఆ ఊళ్ళో మళ్ళీ తాంబూలం లేదు. అందుకని గొంతు ఛాతీలోంచి రావాలి, పై షడ్జమం మీద నిలబడాలి, రాగం సాగదీసి ‘వన్స్‌మోర్’ కొట్టించుకోవాలి. కపిలవాయి రామనాథశాస్త్రి లాంటి వాళ్ళ పద్యాలు ప్లేట్లుగా వచ్చి ఇల్లిల్లూ తిరిగాయి. ఆ ప్లేట్లు విన్నా మనకు వినిపించేది పందిరే. గొంతు పెట్టెలోంచి బయటికి దూకి వీధి చివరికి పోవాలని చూస్తుంది. అది తప్పేమీ కాదు, ఆ విద్య అంతే. కాని వినేవాడు అక్కడ మూడడుగుల దూరంలో కూర్చుని ఉన్నాడు.

ఈ మూడడుగుల దూరం సంగతి మొదట పట్టుకున్నవాళ్ళు ప్రైవేట్ పాటల వాళ్ళు. పట్టుకోవడానికి కావలసిన పరికరం 1925 తర్వాత వచ్చింది. అంతకుముందు పాడేవాడు ఒక పెద్ద గరాటు మూతిలోకి అరిచినట్టు పాడాలి. ఆ గాలి ఊపుకే ముల్లు కదిలి మైనం మీద గాడి పడాలి. విద్యుత్తు మైకు వచ్చాక గుసగుస కూడా గాడిలో పడింది. అమెరికాలో బింగ్ క్రాస్బీ, కలకత్తాలో సైగల్ ఆ మైకుకు దగ్గరగా వచ్చి, చెవిలో చెప్పినట్టు పాడి జనాన్ని మురిపించారు. మన దగ్గర ఆ రుచి తెచ్చినవాళ్ళలో ముందు నిలిచినవాడు సాలూరి రాజేశ్వరరావు. సాలూరు పక్కన శివరామపురంలో 1922లో పుట్టి, చిన్నతనంలోనే ‘శ్రీకృష్ణలీలలు’లో కృష్ణుడి వేషం కట్టినవాడు. ఆయన బాణీ కట్టి తనే పాడిన ప్రైవేట్ పాటలు, బాలసరస్వతీదేవితో కలిసి పాడిన యుగళాలు, 1940ల దరిదాపుల్లో తెలుగు దేశానికి ఒక కొత్త చెవి పెట్టాయి.

మా ఇంట్లో అందరికీ ఆ కొత్త చెవి వెంటనే రాలేదు. మా అవ్వ మొదటిసారి బాలసరస్వతీదేవి పాట విని అన్న మాట మా ఇంట్లో తరతరాలుగా నడుస్తోంది. ‘ఏందిరా ఆ అమ్మి నోట్లోనే పాడుకుంటా ఉండాది? పాటంటే గొంతెత్తి పాడాల గదా!’ అవ్వ తప్పు పట్టింది గాని, ఆ ఒక్క ముక్కలో ఆ విద్యంతా చెప్పేసింది. ఇంతకంటే మంచి విమర్శ నేను ఆ పాటల మీద ఎక్కడా చదవలేదు.

‘నోట్లోనే పాడుకోవడం’ ఎంత కష్టమో తెలియాలంటే ప్లేటు సంగతి కొంచెం చూడాలి. 10 అంగుళాల ప్లేటు, నిమిషానికి 78 చుట్లు. ఒక వైపు పట్టేది మూడు నిమిషాలు, మహా అయితే ఇంకో పదిహేను ఇరవై సెకండ్లు. ప్లేటు చేసేది లక్కతో. మన అడవుల్లో చెట్ల కొమ్మల మీద పురుగు పెట్టే లక్కే. అందులో రాతిపొడి కలుపుతారు, ఉక్కు ముల్లు గాడికి తగ్గట్టు అరగడం కోసం. ఆ రాతిపొడి వల్లే ప్లేటు తిరుగుతుంటే సన్నగా ‘స్స్’ అని ఇసుక రాలిన చప్పుడు. అంటే మరీ మెల్లగా పాడితే పాట ఆ ఇసుకలో పూడిపోతుంది. పోనీ గొంతెత్తి పాడితే? మైనం మీద గాడి కోసే ముల్లు అటూ ఇటూ మరీ ఊగి పక్క గాడిలోకి తెగుతుంది, ప్లేటు చెడిపోతుంది. పైకీ పోకూడదు, కిందికీ పడకూడదు. వరి మడి గట్టు మీద నిండు బిందెతో నడిచినట్టు, మూడు నిమిషాలు ఆ సన్నటి దారినే నడవాలి.

ఇంకా ఉంది. అప్పట్లో పాట ముక్కలు ముక్కలుగా పాడి అతికించే వీల్లేదు. తబలా వాడి వేలు తప్పినా, ఫిడేలు శ్రుతి జారినా, గాయని ఒక్క అక్షరం మింగినా మొదటినుంచి మళ్ళీ. పాడినదాన్ని అక్కడికక్కడే వినడానికి కూడా లేదు. మెత్తటి మైనం మీద ముల్లు పెట్టి వినిపిస్తే ఆ గాడి పాడై ఇక ప్లేటు తీయడానికి పనికిరాదు. ఎలా పాడిందో గాయనికి తెలిసేది ప్లేటు అచ్చయి చేతికి వచ్చాకే. అద్దం లేకుండా బొట్టు పెట్టుకోవడం లాంటి పని. మైకు పట్టని వాటిలో పెద్దది ‘స’కారం. స, శ, ష మూడింటి పదునంతా పై ధ్వనుల్లో ఉంటుంది, ఆనాటి పరికరం వాటిని సగం మింగేసేది. తెలుగు పాటలో ఈ అక్షరాలు ఎన్ని ఉంటాయో లెక్కపెట్టండి. గాయని ఆ తేడాను అక్షరం మీద కాకుండా దాని తర్వాత వచ్చే అచ్చు మీద చూపించుకోవాలి.

ఇప్పుడు బాలసరస్వతీదేవి ప్లేటు ఏదైనా వినండి. మాట మొదట్లో దెబ్బ లేదు. పదం తలుపు తట్టకుండా లోపలికి వస్తుంది. చివర మాత్రం జాగ్రత్త: దీర్ఘం ఒకేసారి తెగదు, సన్నబడి ఆగుతుంది, ఆగిన చోట గాలి పీల్చిన చప్పుడు వినపడదు. ఆ ఊపిరి ఎక్కడ తీసుకుందో నేను ఎన్నోసార్లు వెతికాను. రెండు మాటల మధ్య అర్థం విరిగే చోటే తీసుకుంటుంది, అందుకే దొరకదు. ఆ సందు పాటకే ఉందనుకుంటాం. శాస్త్రీయం నేర్చిన గొంతు అది. కాని గమకం ఎక్కడా ముందుకొచ్చి నిలబడదు. స్వరాన్ని పట్టుకుని ఊపడం కాకుండా, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారేటప్పుడు దారిలో ఒక్క మెలిక. అంతే.

ఇక్కడ మళ్ళీ వెంకటగిరి గుర్తొస్తుంది. ఆ ఊరి జాందానీ చీరలో పువ్వును గుడ్డ మీద కుట్టరు. నేస్తూ ఉండగానే, అడ్డపోగుల మధ్య చేత్తో వేరే పోగు ఎక్కించి ఒక్కో వరసా లెక్క పెట్టుకుంటూ తీస్తారు. తిరగేసి చూస్తే వెనకాల వేలాడే దారాలు ఉండవు. పువ్వుకు వేరే బరువు లేదు కాబట్టి గుడ్డ ఎంత పల్చనో పువ్వూ అంత పల్చన. పోలిక కోసం ఊరు కలిసొచ్చిందని చెప్పడం లేదు. ఆ గొంతులో గమకం నేతలో ఉంది, కుట్టులో లేదు. తర్వాత వచ్చిన లలిత సంగీత గాయనుల్లో చాలామంది దగ్గర నాకు కుట్టు కనిపిస్తుంది: పల్లవి చివర ఒక సంగతి తగిలిద్దాం అనే ఉబలాటం.

యుగళాల్లో ఇంకో పనితనం. ‘కోపమేల రాధా’ అనే పాటనే తీసుకుందాం. కృష్ణుడు బతిమాలడం, రాధ అలక. మన నాటకానికి ఇది పాత సరుకే. సత్యభామ అలకకు తెలుగువాడు కొన్ని వందల రాత్రులు మేలుకున్నాడు. నాటకంలో అలక అంటే జడ విసురు, కంచుకంఠం. ఈ ప్లేటులో ఆ రెండూ లేవు. రాజేశ్వరరావు గొంతు మగగొంతుల్లో మెత్తనిది, కొంచెం ముక్కుతో కలిసిన తీపి. ఆయన ఆగిన చోట ఆమె అందుకోవడంలో ఒకరిమీద ఒకరు గెలవాలనే పోటీ లేదు. ఒకే మైకు కాలం అది. ఎవరు ఎంత వినపడాలన్నది మీటలు తిప్పి సరిచేసేది కాదు, కాళ్ళతో సరిచేసుకునేది. ఒకరు అరడుగు వెనక్కి, ఒకరు ముందుకు. ఆ సర్దుబాటే పాటలో సరసంగా వినపడుతుంది. ‘తుమ్మెదా ఒకసారి’ కూడా అంతే. ఇద్దరు మనుషులు ఒక గదిలో ఉన్నారని చెవికి తెలుస్తుంది. స్టేజీ మీద ఉన్నారని అనిపించదు.

బాణీ కట్టినవాడి వంతూ చెప్పాలి. మూడు నిమిషాల్లో ఆలాపనకు చోటు లేదు. రాజేశ్వరరావు ఆ కొరతను కొరతగా చూడలేదు. రాగం విస్తరించడం మానేసి మాట అర్థం ఎటు వంగితే స్వరాన్ని అటు వంచాడు. చరణాల మధ్య చిన్న వాద్య ముక్క పెట్టి, గొంతుకు ఊపిరి, వినేవాడికి తలపు ఇచ్చాడు. ఇప్పుడు ఇది మామూలే అనిపిస్తుంది, ఎందుకంటే తర్వాత 80 ఏళ్ళ తెలుగు పాట అంతా ఆ దారినే నడిచింది. 1951లో ‘మల్లీశ్వరి’, 1955లో ‘మిస్సమ్మ’ వచ్చాక ఈ పద్ధతి పండిందని అంటాం. నారు పోసింది ప్రైవేట్ ప్లేట్ల మీద.

మా కోస్తాకు ఆ పాట చేరిన దారి ఇంకోటి ఉంది, రేడియో. మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. విజయవాడకు కేంద్రం రావడానికి 1948 డిసెంబరు 1 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ పదేళ్ళూ తెలుగు వినాలంటే మద్రాసే. మీడియం వేవ్‌కు ఒక గుణం ఉంది: నేలను పట్టుకుని పోయే తరంగాన్ని ఎండు నేల తొందరగా మింగేస్తుంది, ఉప్పునీరు మాత్రం చాలా దూరం మోసుకుపోతుంది. మద్రాసు నుంచి ఉత్తరానికి పులికాట్, దుగరాజపట్నం, కృష్ణపట్నం, మైపాడు, ఇసకపల్లి, అన్నీ నీళ్ళ అంచునే కదా. సముద్రం మా వైపు వాళ్ళకు పాటను తెచ్చిపెట్టింది. తర్వాత సిలోన్ రేడియోలో మీనాక్షి పొన్నుదురై తెలుగు పాటలు వేసినప్పుడు కూడా ఇదే సముద్రం మా ముందుంది, అయితే ఆ షార్ట్‌వేవ్ లెక్క వేరు, అది ఆకాశం మీదినుంచి దిగేది.

రేడియోలో ఈ గొంతు ఇంకా బాగా ఇమిడింది. ప్లేటుకు ఇసుక చప్పుడు, రేడియోకు సముద్రపు గరగర. రెండింటి మధ్య నిలబడడం అప్పటికే నేర్చిన గొంతు. లలిత సంగీతం అని ఇవాళ మనం వేరే ఒక శాఖగా చెప్పుకునేది ఇలా మైకు దగ్గర పుట్టిన విద్య. దాన్ని కర్ణాటక సంగీతానికి తక్కువ మెట్టు అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళను ఒక్కసారి గొంతెత్తకుండా, ఊపిరి వినపడకుండా, మూడు నిమిషాలు పాడి చూపించమని అడగాలని ఉంటుంది నాకు.

సినిమా కూడా ఈ గొంతు కోసమే వచ్చింది. 1936లో సి. పుల్లయ్య ‘సతీ అనసూయ’లో బాలనటిగా, 1940లో గూడవల్లి రామబ్రహ్మం ‘ఇల్లాలు’లో రాజేశ్వరరావుతో కలిసి ఆమె తెరమీద కనిపించింది. కాని చరిత్ర అయింది తెర వెనక్కి వెళ్ళినప్పుడు. 1943లో ‘భాగ్యలక్ష్మి’లో కమలా కోట్నీస్‌కు ఆమె గొంతు అరువిచ్చింది. ఆ సినిమా దర్శకుడు పి. పుల్లయ్య. ఆయనదీ నెల్లూరే. నెల్లూరు మనిషి తీసిన సినిమాలో నెల్లూరు జిల్లా పిల్ల గొంతు మొదటిసారి వేరే ముఖం మీద పలికింది. ఇది ఎవరైనా ఊరి గోడ మీద రాయాల్సిన సంగతి. ఆ మరుసటి ఏడు ఆమెకు కోలంక జమీందారుతో పెళ్ళయింది, నటన ఆగింది, పాట కొనసాగింది.

‘దేవదాసు’ (1953) లోని క్షేత్రయ్య పదం ‘ఇంత తెలిసియుండి’ వింటే ఆమె పనితనానికి పరీక్ష ఎలా ఉంటుందో తెలుస్తుంది. పదం అంటే చౌకకాలంలో, నెమ్మదిగా, ఒక్కో మాటకు నాలుగు రకాల అభినయానికి చోటిస్తూ పాడేది. దాన్ని సినిమా కొలతకు కుదించాలి, తెరమీద చంద్రముఖి నాట్యానికి ఆసరా ఇవ్వాలి, పదం పదంలాగే ఉండాలి. ఆమె వేగం పెంచి గట్టెక్కలేదు. సంగతులు తగ్గించింది, నెమ్మది అలాగే ఉంచింది. సగం కోసినా చీర చీరలాగే ఉంది.

ఇంత మెచ్చుకున్నాను కాబట్టి ఒక మాట దాచకూడదు. ఆ గొంతుకు హద్దులున్నాయి. రౌద్రం, ఎగతాళి, వీధి హుషారు దానికి చేతకావు. ఒకటి తర్వాత ఒకటి పది ప్లేట్లు వింటే తీపి మీద తీపి తిన్నట్టు అవుతుంది. ఆ కాలపు ఇంకో ప్రైవేట్ గాయని టంగుటూరి సూర్యకుమారి దగ్గర ఇంకొంచెం వెన్నెముక ఉంది. ‘మా తెలుగు తల్లికి’ పాటకు ఆ నిటారుతనమే నప్పింది. ఘంటసాల వచ్చి కరుణశ్రీ పద్యాలను ప్లేటెక్కించి, పందిరి పద్యాన్నీ మైకు గొంతునూ ఒక చోట కలిపాడు. పద్యం మళ్ళీ పద్యమైంది, కాని అరుపు పోయింది. ఆయన భగవద్గీత ఇవాళ ఏ సందర్భంలో వినిపిస్తుందో మీకు తెలుసు. అది కూడా ప్రైవేట్ రికార్డే అని మాత్రం ఎవరికీ గుర్తుండదు.

ఈ మధ్య ఇంట్లోనే పడకగదిలో, గోడకు దుప్పటి కట్టి, కంప్యూటరుకు మంచి మైకు తగిలించి పాడే పిల్లల పాటలు వింటున్నాను. మైకు పెదవికి జానెడు దూరం. గొంతు మెల్లగా, ఊపిరి వినపడేట్టుగా. ఊపిరి వినపడడం ఇప్పుడు అందం అయింది. బాలసరస్వతీదేవి దాచిన దాన్నే వీళ్ళు చూపిస్తున్నారు. రెండూ వినేవాడి దగ్గరకు రావడానికే. అయితే తప్పితే మళ్ళీ పాడుకోవచ్చు, శ్రుతి జారితే యంత్రం లాగి సరిచేస్తుంది, కాబట్టి ఆ నిండు బిందె నడక మాత్రం వీళ్ళ పాటలో వినపడదు. ఇది నిష్ఠూరం కాదు. వాళ్ళకు వేరే కష్టాలున్నాయి, వినేవాడి వేలు పదో సెకండుకే పక్క పాట మీదికి పోతుంది.

మా ఇంట్లో ఒక రేకు పెట్టెలో పదిహేను దాకా ప్లేట్లు ఉండేవి. ఉప్పుగాలికి వాటి మీద బూజు. నాకు పందొమ్మిదేళ్ళప్పుడు, శుభ్రం చేద్దామన్న ఉత్సాహంలో దూదితో స్పిరిట్ రాసి ఒక యుగళం ప్లేటు తుడిచాను. నల్లటి మెరుపు దూదికి అంటుకుని వచ్చింది. ముల్లు పెడితే పాట బదులు జీర. లక్క స్పిరిట్‌లో కరుగుతుందని వడ్రంగి పనివాడికి కూడా తెలుసు, వార్నిష్ చేసేది అలాగే. నాకు తెలియలేదు.

నెల్లూరు, గూడూరు, వెంకటగిరి, కావలి వైపు పాత ఇళ్ళ అటకల మీద ఇంకా ఇలాంటి పెట్టెలు ఉంటాయి. ఉంటే వాటిని ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకండి, వేడికి వంగుతాయి; పుస్తకాల్లాగా నిలబెట్టండి. పొడి మెత్తటి గుడ్డతో గాడి వెంబడే తుడవండి. స్పిరిట్ మాత్రం తగలనివ్వకండి. పాత సామాన్లవాడికి అమ్మేముందు, గ్రామఫోను ఉన్న ఎవరినైనా పిలిచి ఒక్కసారి వినిపించమని అడగండి.